ఎంబీఆర్ ప్లాంటు పెట్టాక కూడా హైపో వేయాలా?

మియాపూర్ సెక్రటరీ: పోయినేడు మా అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీని (మురుగునీటి శుద్ధి ప్లాంటుని) ఎంబీఆర్‌కి, అంటే సూక్ష్మజీవులతో శుద్ధి చేసి మెంబ్రేన్ అనే సన్న రంధ్రాల జల్లెడతో వడకట్టే పద్ధతికి మార్పించాం. శుద్ధి చేసిన నీళ్లు గ్లాసులో పడితే అచ్చం బోరు నీళ్లే. ల్యాబ్ రిపోర్టులో ఈ-కొలై బ్యాక్టీరియా సున్నా. ఫ్లష్‌లకీ, లాన్‌లో స్ప్రింక్లర్లకీ ఇవే వాడుతున్నాం. ప్లాంటు పెట్టినవాళ్లు వైరస్ కూడా దాటదన్నారు, అందుకని హైపో (క్రిముల్ని చంపే క్లోరిన్ మందు) ఆపేద్దామని కమిటీలో సగం మంది పట్టు. ఏమంటారు?

నీళ్ల ఇంజనీర్: ఆపకండి సార్. ఈ-కొలై ఒకటి రెండు మైక్రాన్ల పొడవుంటుంది, మెంబ్రేన్ రంధ్రాలు మామూలుగా 0.04 నుంచి 0.4 మైక్రాన్లు, కాబట్టి అది ఆగుతుంది. వాంతులు, విరేచనాలు పట్టించే నోరోవైరస్ అయితే 0.03 దగ్గర ఉంటుంది, రంధ్రం కన్నా చిన్నది. ఈ-కొలై సున్నా అన్నంత మాత్రాన వైరస్ లేదని కాదు. కోలిఫేజ్ (ఈ-కొలై లాంటి బ్యాక్టీరియాకి పట్టే వైరస్) టెస్ట్ చేయించండి, అది వైరస్ సంగతి కొంతైనా చెబుతుంది.

తోట పద్మ: మా దగ్గర హైపో ఎక్కువై మందార ఆకుల అంచులు మాడిపోయాయండి. రంధ్రంలోంచి వైరస్ దూరిపోయేటట్టయితే ఇంత ఖర్చు పెట్టి మెంబ్రేన్ ఎందుకు మరి?

నీళ్ల ఇంజనీర్: దూరగలదు గానీ చాలావరకు దూరదు పద్మగారూ. వైరస్‌లు చాలావరకు బురద ముద్దలకి అంటుకుపోతాయి, కొన్నిటిని ట్యాంకులోని సూక్ష్మజీవులే తినేస్తాయి, మిగిలినవాటిని మెంబ్రేన్ మీద పేరుకున్న పొర పట్టేస్తుంది. మెంబ్రేన్లు బిగించిన మాడ్యూల్ పైకి తీసినప్పుడు వేలితో రాసి చూడండి, గోధుమరంగు జిగురులా వస్తుంది, ఆ పొరే. ఫ్లో తగ్గుతోందని మనం తిట్టుకునేదీ దాన్నే.

ఎస్‌టీపీ ఆపరేటర్: అన్నా, మేం దాన్నే కదా కెమికల్ క్లీనింగ్‌లో కడిగేసేది! కడిగిన మర్నాడు ఫ్లో బ్రహ్మాండంగా వస్తుంది.

నీళ్ల ఇంజనీర్: అదే నా భయం తమ్ముడూ. ఆ పొర మళ్లీ పట్టేదాకా వైరస్ ఎక్కువగా దాటొచ్చు, సరిగ్గా అప్పుడే హైపో ఆగకూడదు. యూవీ ఒక్కటే పెట్టినా చాలదు, అడినోవైరస్ యూవీకి అంత తేలిగ్గా లొంగదు, క్లోరిన్‌కి లొంగుతుంది. మెంబ్రేన్ దాటిన నీళ్లలో మురికి, అమ్మోనియా తక్కువ కాబట్టి కొంచెం వేసినా పనిచేస్తుంది. అందాజాగా పోయకుండా కిట్‌తో రోజూ మిగులు క్లోరిన్ చూసుకుంటే మొక్కలకీ ఇబ్బంది ఉండదు.

తోట పద్మ: రోజూ కొలుస్తామంటే నాకేం అభ్యంతరం లేదండి. ఆ స్ప్రింక్లర్లు మాత్రం సాయంత్రం వద్దు, పిల్లలు అక్కడే తడుస్తూ ఆడతారు.

మియాపూర్ సెక్రటరీ: స్ప్రింక్లర్ల టైమ్ ఇవాళే రాత్రి 11కి మార్పిస్తాను. క్లీనింగ్ తేదీలు నోటీసు బోర్డు మీద పెడతాం. కోలిఫేజ్ రిపోర్టు రాగానే ఇక్కడే పెడతా.