34 అడుగుల పడవలో అట్లాంటిక్: మామూలు రోజుల్లో ఏం పాడవుతుంది?

చుక్కాని_పట్టు:
కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్ దీవి సెయింట్ లూసియాకి డిసెంబరు మొదటి వారంలో బయల్దేరే ఆలోచన. 34 అడుగుల ఫైబర్‌గ్లాస్ స్లూప్ (ఒకే తెరచాప స్తంభం ఉన్న పడవ), మనుషులం ఇద్దరం. రిగ్గింగ్ (మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, నిలబెట్టే ఉక్కు తీగలు) వయసు 12 ఏళ్లు. కరెంటు ఆటోపైలట్ ఒకటుంది. డీజిల్ 120 లీటర్లు, నీళ్ల ట్యాంకు ఒకటే, 180 లీటర్లు. తుఫాన్ల గురించి అందరూ చెబుతున్నారు. గాలి బాగున్న రోజుల్లో ఏం విరుగుతుందో, ఏం తెగుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

గాలివాటు:
నెల బాగానే ఎంచుకున్నారండి, హరికేన్ల కాలం నవంబరు 30తో ముగుస్తుంది. దూరం సుమారు 2,700 నాటికల్ మైళ్లు. సగటున 5 నాట్లు (గంటకు 5 నాటికల్ మైళ్లు) నడిస్తే రోజుకు 120 మైళ్లు, అంటే 22, 23 రోజులు. నేరుగా పడమరకి కొట్టకండి, గాలి పడిపోయే చోట ఇరుక్కుంటారు. ముందు నైరుతికి దిగి, కేప్ వెర్డే దీవులకి వాయవ్యంగా 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర వాణిజ్య పవనాలు నిలకడగా అందాక పడమరకి తిప్పండి. డీజిల్ మీద ఆశ వద్దు: గంటకు 2 లీటర్ల లెక్కన 60 గంటలు, 300 మైళ్లు. అంతే.

ఇక మీరడిగినదానికి ఒకటే మాట: రాపిడి. గాలి వెనక నుంచే కాబట్టి పడవ రాత్రీపగలూ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, ప్రతి ఊపుకీ తాళ్లు అదే చోట రాసుకుంటాయి. హాల్యార్డ్ (తెరచాపను పైకెత్తే తాడు) మాస్ట్ కొసన కప్పీ మీద అరుగుతుంది. రోజూ పొద్దున్నే కొన్ని సెంటీమీటర్లు వదలడమో లాగడమో చేస్తే అరిగే చోటు మారుతుంది. మెయిన్ తెరచాప బాగా వదిలినప్పుడు స్ప్రెడర్ (మాస్ట్ నుంచి పక్కలకి చాచి ఉండే కడ్డీ) కొసలకి ఆనుతుంది, అక్కడ రెండు వైపులా ముందే అతుకులు వేయించండి.

ప్రివెంటర్ (బూమ్ ఉన్నట్టుండి అటువైపు తిరక్కుండా ఆపే తాడు) బూమ్ (మెయిన్ తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) కొసకే కట్టాలి. మధ్యలో కడితే, కొస అలలో మునిగినప్పుడు బూమ్ ఆ కట్టిన చోటే విరుగుతుంది. తాడును ముక్కు దగ్గర కప్పీలోంచి తిప్పి కాక్‌పిట్‌కి తెచ్చుకోండి. చీకట్లో దాన్ని వదలడానికి డెక్ మీద పాకాల్సిన పని ఉండదు.

కప్పీ_తాడు:
ఆ రిగ్గింగ్‌తో వెళ్లొద్దు. మార్చేయండి. తీగ తెగేది మధ్యలో కాదు, స్వేజ్‌లోకి (తీగ కొసకి నొక్కి బిగించిన లోహపు గొట్టంలోకి) దూరే చోట. మెత్తటి నూలుగుడ్డతో అక్కడ తుడిచి చూడండి, గుడ్డ చిక్కుకుంటే పోగు తెగినట్టే. 19 పోగుల్లో ఒక్కటి తెగినా ఆ తీగను నమ్మకూడదు. మాస్ట్ పడిపోతే తీగలు కోయడం కన్నా క్లెవిస్ పిన్నులు (తీగల్ని పడవకి పట్టి ఉంచే మేకులు) కొట్టి తీయడం తేలిక: సుత్తి, పంచ్, ప్లయర్లు చేతికందే చోట ఉంచండి. ఆలస్యమైతే విరిగిన మాస్టే పడవకి బొక్క కొడుతుంది.

చుక్కాని_పట్టు:
ధన్యవాదాలు. ఆటోపైలట్ ఒక్కటి చాలదా? నీళ్లు సరిపోతాయా?

పడమటి_అల:
రెండూ చాలవు. ఆటోపైలట్ సగటున 4 ఆంపియర్లు లాగినా రోజుకు 96 ఆంపియర్ అవర్లు. 200 వాట్ల సోలార్ పలకలు మంచి ఎండలో 65 ఇస్తాయేమో. పైగా మీరు పడమరకి వెళ్తున్నారు, మధ్యాహ్నం దాటాక తెరచాపల నీడ వెనకున్న పలకల మీదే పడుతుంది. విండ్‌వేన్ (గాలి దిశను బట్టి పడవను తనే నడిపే పరికరం) పెట్టించండి, దానికి కరెంటే అక్కర్లేదు. కాకపోతే కరీబియన్ వైపు సర్గాసమ్ నాచు దాని తెడ్డుకి చుట్టుకుంటుంది, పొడవాటి కొక్కెం కర్ర దగ్గరుంచుకోండి.

స్టీరింగ్ పెద్ద పడవల్నీ వదలదు. 2017-18లో మన నేవీ మహిళా అధికారులు ఆరుగురు (విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య కూడా) ప్రపంచాన్ని చుట్టిన తారిణి, చివరి దశలో స్టీరింగ్ చెడి మారిషస్‌లో ఆగాల్సొచ్చింది. చక్రం చెడితే చుక్కానికి నేరుగా బిగించే మీ ఎమర్జెన్సీ టిల్లర్‌ని 20 నాట్ల గాలిలో బిగించి గంటసేపు నడిపి చూడండి. కొన్ని పడవల్లో అది తిరగబోతే చక్రానికే తగులుతుంది!

నీళ్లు: తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు 4 లీటర్లు, ఇద్దరికి 23 రోజులకు 184. అందులో సగం అదనంగా కలిపితే 276. తేడా మొత్తం 10 లీటర్ల క్యాన్లలో పెట్టండి. ట్యాంకులో ఉప్పునీరు కలిసినా క్యాన్లు మిగులుతాయి.

గాలివాటు:
స్క్వాల్స్ (ఉన్నట్టుండి విరుచుకుపడే గాలివానలు) మాట మరిచాను. రాత్రి అవి మీద పడేదాకా కనిపించకపోవచ్చు, గాలి నిమిషాల్లో 15 నుంచి 35 నాట్లకి లేస్తుంది. చీకటి పడకముందే రీఫ్ వేసేయండి (తెరచాపను కొంత ముడిచి చిన్నది చేయండి), అవసరం లేదనిపించినా సరే. పోయేది అర నాటు వేగం.