తెలుగు వికీపీడియాలో మన ఊరి పేజీని నమ్మొచ్చా? రాసేవాళ్ళు ఎందుకు తగ్గుతున్నారు?

గట్టుమీద గాలి (అమలాపురం):
మా మేనల్లుడికి స్కూల్లో చుట్టుపక్కల ఊళ్ళ మీద ప్రాజెక్ట్ ఇస్తే వికీపీడియా తీసి ఉన్నదున్నట్టు దించేస్తున్నాడు. జనాభా చూస్తే 2011 నాటిది. జిల్లా విడిపోయింది 2022 ఏప్రిల్‌లో, కొన్ని పేజీల్లో పైన కోనసీమ జిల్లా, కింద పేరాలో ఇంకా తూర్పు గోదావరే. ఎవరు పడితే వాళ్ళు మార్చేదాన్ని పిల్లల చేతికివ్వచ్చా అసలు?

లంక మాస్టారు (రావులపాలెం):
2011 పాపం వికీది కాదండీ. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది, అంతకంటే కొత్త లెక్క ఎక్కణ్ణుంచి తెస్తారు? 2005లో నేచర్ పత్రిక 42 సైన్సు వ్యాసాలు నిపుణులకిచ్చి చూపిస్తే వ్యాసానికి సగటున వికీపీడియాలో నాలుగు తప్పులు, పేరున్న విజ్ఞానసర్వస్వం బ్రిటానికాలో మూడు తేలాయి. బ్రిటానికా వాళ్ళు లెక్కే తప్పని గొడవపడ్డారు, నేచర్ తగ్గలేదు.

భీమారం అమ్మాయి:
మాస్టారూ, అది ఇంగ్లీషు వికీ, అందులోనూ సైన్సు. దాన్ని తెచ్చి తెలుగుకి అంటగడితే ఎలా? అదే 2005లో సీగెంథాలర్ అనే అమెరికా పాత్రికేయుణ్ణి కెనడీ హత్యలో అనుమానించారని ఎవడో సరదాకి ఇంగ్లీషు వికీలో రాస్తే, అంతమంది ఉన్న చోట కూడా నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. మన దగ్గర ఎవరేం మార్చారో చూపించే ‘ఇటీవలి మార్పులు’ పేజీ రోజూ చూసే ఓపిక ఎందరికుంది? 2009 తర్వాత గూగుల్ అనువాద పనిముట్టుతో తెచ్చి పోసిన వ్యాసాలు చదివారా, అది తెలుగో కాదో తేల్చుకోవడానికే సగం రోజు పట్టేది.

కౌశిక ఒడ్డు (అంబాజీపేట):
రాసేవాళ్ళ సంగతి చెప్తా. ఇంగ్లీషులో చురుగ్గా రాసేవాళ్ళు 2007లో అందరికంటే ఎక్కువ ఉండి, తర్వాత ఏళ్ళ తరబడి తగ్గారు. రాయడానికేం మిగల్లేదంటారు కొందరు. 2013లో వచ్చిన ఒక పరిశోధన మాత్రం, చెత్త రాతల్ని ఆపడానికి పెట్టిన నియమాలూ పనిముట్లే మంచి మనసుతో వచ్చిన కొత్తవాళ్ళ రాతల్నీ కొట్టేశాయని, వాళ్ళు మళ్ళీ రాలేదని చెప్పింది.

ఇక మన దగ్గర మిగల్లేదా? ఆయ్, భలేవారే! కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్తూ గంగలకుర్రు ప్రభలు (దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసే ఎత్తైన అలంకారాలు) కౌశిక ఏటి నీళ్ళలోకి దిగుతాయి చూడండి, భుజం ఎవరు పట్టాలి, ఏ తాడు ఎప్పుడు వదలాలి, అక్కడి కుర్రాళ్ళకి నోటికొచ్చు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఈ తీర్థమే. అయినా ఈ వివరాలు పేజీలో పెట్టాలంటే అచ్చులో ఎక్కడైనా ఉండాలి, మా తాత చెప్పాడంటే చెల్లదు. అచ్చులో రాసేవాళ్ళు కొందరు వికీ చూసి రాస్తారు, మళ్ళీ దాన్నే వికీలో మూలంగా పెడతారు. అది మాత్రం చెల్లుతుంది!

లంక మాస్టారు:
మూలం అడక్కపోతే ప్రతి ఊరి గుడీ వెయ్యేళ్ళదైపోతుంది, రాములవారు నడవని గట్టు మిగలదు. ఆ నియమం ఉండాల్సిందే బాబూ.

భీమారం అమ్మాయి:
ఉండాలి, కాదన్లేదు. కొట్టేసేవాళ్ళు ఎందుకు కొట్టేశారో ఆ వ్యాసం చర్చా పేజీలో రెండు ముక్కలు రాస్తే, రాసిన కుర్రాడు రేపు మూలంతో వస్తాడు. గట్టుమీద గాలి గారూ, మీవాడికి వికీ ఇవ్వండి, కాకపోతే ‘చరిత్ర’ నొక్కి ఎవరు ఎప్పుడు మార్చారో చూడమనండి, మూలం లేని వాక్యం దించొద్దనండి.

కౌశిక ఒడ్డు:
మాస్టారూ, లైబ్రరీకి వెళ్తే బ్రిటిష్ కాలం నాటి గోదావరి జిల్లా గెజిటీరులో (సర్కారు వేసిన జిల్లా వివరాల పుస్తకం) ఈ తీర్థం ప్రస్తావన ఉందేమో చూసి పేజీ నంబరు పంపండి, నేనెక్కిస్తా. లేకపోతే మళ్ళీ ఇక్కడే గొడవకొస్తా.