ఈకలు రాలుస్తున్న నాటు కోళ్లకు రాత్రి బల్బు పెట్టొచ్చా?

మాది హైదరాబాద్ పక్కన చేవెళ్ల దిక్కు. ఇంటెనుక ఆరు నాటు పెట్టలు, ఒక పుంజు. దసరా పోయినకాడి నుంచి పెట్టలు ఈకలు రాలుస్తున్నయి, గుడ్లు బంద్. మెడ మీద కొత్త ఈకలు మొలుస్తున్నయి, మేత బాగనే తింటున్నయి, రెట్ట మంచిగనే ఉంది, అందుకే కొక్కెర తెగులు కాదనుకుంటున్న.

గుడ్లు పెట్టే కోళ్లకు రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలె, ఇప్పుడు పొద్దు చిన్నదాయె. పక్కింటి కాక గూట్లో బల్బు పెట్టమంటడు. మా అత్తమ్మేమో, "వాటినెందుకు సతాయిస్తవు, కార్తీకంల గుడ్లు తినేదెవరు?" అంటది. నాకు ఆమె మాటే నచ్చింది.

ఈకంటే దాదాపు ప్రోటీనే కదా, నూకలు తగ్గించి పల్లి చెక్క, ఎండు చేపల పొడి కలుపుతున్న. మేతల ఇవి ఎంత వంతు కలపాలె? ఈకలు పూర్తిగ వచ్చేదాక బల్బు ఆపాల్నా? నట్టల మందు ఇప్పుడే తాపొచ్చా? కోళ్లు సాదినోళ్లు జర చెప్పండి.