అప్పడాల యూనిట్: పర్లాకిమిడి వైపు ఏ ట్రైనింగ్‌కి వెళ్ళాలి?

గజపతి_గ్రూపు:
మేం ముగ్గురం ఆడవాళ్ళం. ఊరు ఒడిశాలో పర్లాకిమిడి పక్కనే. మినప అప్పడాలు చేత్తో వత్తి తెలిసినవాళ్ళకి అమ్ముతున్నాం. ఇక ప్యాకెట్లు కట్టి ఆంధ్ర వైపు పాతపట్నం, టెక్కలి షాపులకి వేద్దామని ఉంది. ఆర్‌సెటిలో పది రోజుల కోర్సు ఉందంటున్నారు. బ్యాంకులో ఈడీపీ సర్టిఫికెట్ అంటున్నారు. రెండూ ఒకటేనా? అప్పడాలు చెయ్యడం మాకొచ్చు, కొత్తగా ఏం నేర్పుతారు? ఆంధ్రలో అమ్మితే జీఎస్టీ పడుతుందా?

కొండదారి:
రెండూ వేరమ్మా. ఆర్‌సెటి అంటే జిల్లాలో లీడ్ బ్యాంక్ నడిపే ట్రైనింగ్ సెంటర్. అప్పడాలు, పచ్చళ్ళు, మసాలా పొడుల కోర్సు పది రోజులు. ఫీజు లేదు, బస, భోజనం కూడా వాళ్ళవే. ఈడీపీ అంటే సొంత వ్యాపారం నడపడం నేర్పే శిక్షణ. అది పీఎంఈజీపీ (కొత్తగా పెట్టే చిన్న యూనిట్లకి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) లోన్‌కి సంబంధించింది: ప్రాజెక్టు 2 లక్షల వరకైతే అక్కర్లేదు, 5 లక్షల లోపైతే 5 రోజులు, పైనైతే 10 రోజులు. సబ్సిడీ విడుదలకి ముందు అది పూర్తయి ఉండాలి. ఆర్‌సెటిల్లోనూ ఈడీపీ జరుగుతుంది కానీ ప్రతి బ్యాచ్ దాని కిందకి రాదు. చేరే రోజే "ఈ సర్టిఫికెట్ మా లోన్‌కి చెల్లుతుందా" అని మీ బ్రాంచిలో అడగండి.

పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం ఇంకో కేంద్ర పథకం) కింద ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ. ఈ రెండు పథకాల గడువు 2025–26 వరకు ప్రకటించారు, అప్లై చేసేముందు ఇప్పటి పరిస్థితి కనుక్కోండి. రెండిట్లో ఏదైనా సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్ళు మీ పేరు మీద బ్యాంకులోనే ఉండి తర్వాత లోన్‌లో జమవుతుంది. ఆ డబ్బుతో మినుములు కొందామనుకుంటే మొదటి నెలలోనే ఇరుక్కుంటారు.

పాఠం ఒడియాలో నడుస్తుంది. మాట మీకు ఎలాగూ అర్థమవుతుంది, చదవడం రాకపోతే నోట్సు దగ్గర చిక్కు. ముగ్గురిలో ఒడియా చదివే మనిషిని ముందు పంపండి.

తిరగలి_పద్దు:
"చెయ్యడం వచ్చు" అన్నారు కదా. పదో, ఇరవయ్యో చెయ్యడం వేరు, నెల రోజులు షాపులో నిలిచే ప్యాకెట్ వేరు. ట్రైనింగ్‌లో ఇవి గట్టిగా అడగండి.

కిలో మినప పిండికి దాదాపు అర లీటరు నీళ్ళు, 70–80 గ్రాముల ఉప్పు. పాపడ్ ఖార్ (అప్పడం పొంగడానికి వేసే క్షారం) 10–20 గ్రాముల మధ్యే. ఎక్కువైతే వేయించినప్పుడు ఎర్రబడి సబ్బు రుచి తగులుతుంది, తక్కువైతే పొంగదు. కిలో పిండికి కిలోన్నర ముద్ద, ఎండాక కిలో వంద గ్రాముల దాకా మిగులుతుంది. తేమ 14 శాతం దగ్గర ఆగాలి. దాటితే బూజు, మరీ ఎండితే ప్యాకెట్లోనే విరిగి ముక్కలు. ఎర్రటెండలో ఒక్కసారిగా ఆరేస్తే అంచులు లేచి పగుళ్ళు వస్తాయి, కాబట్టి ముందు నీడన, తర్వాత ఎండ. వేడి తగ్గకముందు కవర్లో పెడితే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. మన వైపు వానాకాలంలో ఎండని నమ్ముకోలేం. డ్రయ్యర్ లేకపోతే ఆ నెలల్లో తయారీ ఆగుతుందని ప్రాజెక్టు రిపోర్టులో రాసుకోండి.

దీనికన్నా ముఖ్యం ఖరీదు కట్టడం. రోజుకి 5 కిలోల పిండి అనుకోండి (ధరలు లెక్క కోసమే, మీ బజారు ధర వేసుకోండి). పిండి 700, ఉప్పు, జీలకర్ర, ఇంగువ 70, ఇద్దరి కూలి 700, కరెంటు, రవాణా 80. విరిగినవి పోగా 5.2 కిలోలు, అంటే 200 గ్రాముల ప్యాకెట్లు 26. కవరు, లేబుల్ ఒక్కోటి 3 రూపాయల చొప్పున 78. మొత్తం 1,628. ప్యాకెట్‌కి దాదాపు 62.60.

గజపతి_గ్రూపు:
కూలి మేమే కదా పడేది, దాన్నెందుకు వెయ్యాలి?

తిరగలి_పద్దు:
అందుకే చాలా యూనిట్లు ఎందుకు నష్టపోతున్నాయో తెలీకుండానే మూతపడతాయి. కూలి తీసేస్తే ప్యాకెట్ 35.70కి వచ్చినట్టు కనిపిస్తుంది. ఎంఆర్‌పీ 80 పెట్టి షాపుకి 20 శాతం ఇస్తే మీకు 64 వస్తాయి, 28 లాభమే అనుకుంటారు. నిజానికి 1.40. ముగ్గురిలో ఒకరికి జ్వరమొచ్చి బయట మనిషిని పెట్టిన రోజున అది బయటపడుతుంది. ఎంఆర్‌పీ 90 అయితే షాపుకి 18, మీకు 72, మిగులు 9.40.

ఇంకో మాట. షాపు అప్పు మీద తీసుకుని నెలకి ఇస్తే, 25 పనిరోజులకి 40 వేల పైచిలుకు మీ చేతినుంచి ముందు పోతుంది. వర్కింగ్ క్యాపిటల్ (సరుకు, కూలి ఖర్చులకి తిప్పుకునే డబ్బు) కింద ఆ మొత్తం అడగకపోతే మెషీన్ ఉంటుంది, పిండి ఉండదు.

సరిహద్దు_బిల్లు:
జీఎస్టీ సంగతి. అప్పడాలపై పన్ను లేదు. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవాళ్ళకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పాతపట్నం పంపినా అంతే. కానీ పచ్చడి సీసా ఒక్కటి చేర్చినా లెక్క మారుతుంది. పచ్చళ్ళకి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం. ఒడిశాలోనే అమ్మితే మొత్తం టర్నోవర్ 40 లక్షల దాకా మినహాయింపు ఉంది. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే మొదటి బిల్లు నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద కొద్ది శాతం కట్టే జీఎస్టీ పద్ధతి) ఉంటే పక్క రాష్ట్రానికి సరుకు అమ్మే వీలే లేదు. ట్రైనింగ్‌లో పచ్చళ్ళూ నేర్పుతారు కాబట్టి చేసేద్దామనిపిస్తుంది. చేస్తే ముందు పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపే అమ్మండి.

కొండదారి:
లేబుల్ మర్చిపోయారు అందరూ. తెలుగులోనో ఒడియాలోనో మాత్రమే వేస్తే చెల్లదు. ఇంగ్లీషు గానీ దేవనాగరి హిందీ గానీ ఉండాలి, మిగతా భాష అదనం. పేరు, పదార్థాలు, నికర బరువు, తయారైన తేదీ, ఎప్పటిదాకా వాడొచ్చో, అన్ని పన్నులతో ఎంఆర్‌పీ, గ్రాము ధర, చిరునామా, ఫోన్, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు. ఆ నంబరు వచ్చాకే కవర్లు అచ్చుకి ఇవ్వండి. ముందే పది వేల కవర్లు కొట్టిస్తే స్టిక్కర్లు అంటించుకుంటూ కూర్చోవాలి.