చలికాలం రాత్రిళ్లు కోళ్ల గూడు మూసెయ్యాలా, తెరిచి ఉంచాలా?

బోడుప్పల్ డాబా:
మా డాబా మీద 12 కోళ్లున్నాయి. తొమ్మిది వనరాజాలు, మూడు నాటువి. గూడు 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, పైన రేకు, చుట్టూ జాలీ. చలి మొదలవగానే నాలుగు వైపులా టార్పాలిన్ కట్టేసి, సందుల్లో గోనె సంచులు కుక్కాను. వారం తిరిగేసరికి పొద్దున తలుపు తీస్తే కళ్లు మండుతున్నాయి. రేకు లోపలివైపు వరసగా నీటి బొట్లు, కింద ఊక ఉండలు కట్టింది. రెండింటికి ముక్కు కారుతోంది, రాత్రిళ్లు గురక. గుడ్లూ తగ్గాయి. పట్టా విప్పెయ్యమని తమ్ముడు, విప్పితే చలికి చస్తాయని అమ్మ. రోజూ ఇదే పంచాయితీ. మీరేమంటారు?

చేవెళ్ల షెడ్డు:
మీ తమ్ముడిదే కరెక్ట్. ఈ రాత్రే విప్పండి. కోడి ఒళ్లే 41 డిగ్రీలు, పైగా ఒంటినిండా ఈకలు. మన దగ్గర డిసెంబర్ రాత్రి 13, 14 డిగ్రీలుంటుంది. పటాన్‌చెరు వైపు కొన్ని రాత్రులు 10 లోపుకి దిగినా ఎదిగిన కోడి ఒళ్లు ఉబ్బించుకుని తట్టుకుంటుంది. తట్టుకోలేనిది తడి. ఒక్కో కోడి రోజుకు పావు లీటరు దాకా తాగుతుంది, మీ 12కి మూడు లీటర్లు. గుడ్లలోకి పోయేది అందులో కొంచెమే. మిగతాదంతా రెట్టలో, ఊపిరిలో బయటికొస్తుంది. సందులు కూడా మూసేస్తే ఆ తేమ ఎటు పోతుంది? చల్లటి రేకుకు తగిలి మళ్లీ కోళ్ల మీదే కారుతుంది.
మీ కళ్లు మండించింది తడి రెట్టలోంచి లేచే అమ్మోనియా వాయువు. మన ముక్కుకు ఘాటు తెలిసేసరికే దాదాపు 20 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 20 పాళ్లు ఉంటుంది. 25 దాటితే కోడి కళ్లకు, శ్వాసనాళానికి దెబ్బ. మీరు ఒక్క నిమిషం పీల్చారు, అవి రాత్రంతా పీలుస్తున్నాయి.

కుంపటి బ్యాచ్:
అన్నా, అందరికీ ఒకటే మందు రాయకు. గాలి ఆడాలి అని నమ్మే పోయిన జనవరిలో ఘట్‌కేసర్ దగ్గర మా షెడ్డులో పరదాలు ఎత్తేసి పడుకున్నా. తొమ్మిది రోజుల పిల్లలు, 200. తెల్లారేసరికి ఒక మూలకు ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పపడ్డాయి. పైవాటిని తీస్తుంటే అడుగున 31 చచ్చి ఉన్నాయి. ఆ రోజు నుంచి సాయంత్రం ఐదింటికే పరదాలు దించేస్తున్నా, లోపల రెండు బొగ్గుల కుంపట్లు.

చేవెళ్ల షెడ్డు:
పిల్లల విషయంలో ఒప్పుకుంటా. మొదటి వారం 33 నుంచి 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు చొప్పున తగ్గించాలి. కానీ ఆయనవి పెద్ద కోళ్లు. ఇంకో మాట, మూసిన షెడ్డులో బొగ్గులా? కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు తమ్ముడూ. చూడటానికి వెళ్లిన నువ్వే పడిపోతావు. పరదా పైన ఒక అడుగు మేర ఖాళీ వదిలి, వేడి బ్రూడర్ (పిల్లలకు వెచ్చదనమిచ్చే కరెంటు దీపం గొడుగు) కిందే ఉండేలా చూసుకో.

కుంపటి బ్యాచ్:
అడుగు ఖాళీ వదిలితే కరెంటు బిల్లు నువ్వు కడతావా?

రాజేంద్రనగర్ అక్క:
మీ ఇద్దరూ తర్వాత కొట్టుకోండి. ముందు ఆయన గూడు చూద్దాం. వనరాజాను తయారుచేసిందే మా రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థలో, పెరట్లో తిరిగి బతకడానికి. అది ఇంత చలికి చావదు. కానీ నిద్రపోయేటప్పుడు గాలి నేరుగా ఒంటికి కొట్టకూడదు. అందులో మీ అమ్మగారి మాట నిజమే. చలిగాలి మనకు తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. ఆ పక్కల్లో కోళ్లు కూర్చునే కర్రకు జానెడు పైదాకా పట్టా కట్టండి, కింద నుంచి పైకి. దానిపైన జాలీ నాలుగు వైపులా ఖాళీగా వదిలేయండి. వెచ్చటి తేమగాలి పైకి లేచి అక్కణ్నుంచి పోతుంది.
ఊక గుప్పెడు తీసి పిసకండి. వేళ్లు తెరవగానే రాలిపోతే సరే, ముద్దగా నిలిస్తే ఆ మేర ఎత్తేసి పొడిది వేయండి. ఇక్కడెవరైనా సున్నం చల్లమంటారు, తొందరపడకండి. తడి రెట్ట మీద సున్నం పడితే అమ్మోనియా ఇంకా గుప్పుమంటుంది. నీళ్ల గిన్నె లోపలుంటే రాత్రికి బయట పెట్టండి, చీకట్లో అవి తాగవు.
గుడ్లు తగ్గడానికి చలి కారణం కాదు. డిసెంబర్‌లో పగలు 11 గంటలు కాస్త పైన, గుడ్ల కోడికి 14 గంటలైనా వెలుగు కావాలి. తెల్లవారుజామున మూడింటికి చిన్న బల్బు వెలిగితే చాలు. ముక్కు కారే రెండింటినీ విడిగా ఉంచి పశువుల ఆసుపత్రిలో చూపించండి. పట్టా విప్పితే ఆ జబ్బు పోదు.

బోడుప్పల్ డాబా:
నాలుగు రోజులైంది. అక్క చెప్పినట్టే కట్టాను. రేకు పొడిగా ఉంది, కళ్ల మంట లేదు. డాక్టర్ మందు రాసిచ్చాడు, ఒకదానికి గురక తగ్గింది, రెండోది ఇంకా అలాగే. గుడ్లు అప్పుడే తేలవనుకుంటా. అన్నట్టు నిన్న అర్ధరాత్రి చప్పుడైతే పిల్లి అనుకుని పైకి పరిగెత్తాను. చూస్తే అమ్మ, స్టూలెక్కి జాలీ మీద పాత దుప్పటి కప్పుతోంది.