థైరాయిడ్ ఆపరేషన్ తరువాత మెడలో గడ్డలు: క్యాన్సర్ తిరిగి వచ్చినట్టేనా?

ప్రశ్న: పాపిల్లరీ క్యాన్సర్ (థైరాయిడ్ క్యాన్సర్‌లో ఒక రకం) వల్ల థైరాయిడ్ మొత్తం తీయించుకున్న మా అక్కకు రెండేళ్ల తరువాత మెడలో లింఫ్ గ్రంథులు వాచాయి. పెట్ స్కాన్‌లోనూ అవి వెలిగాయి గాని, రక్తంలో థైరోగ్లోబులిన్ (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రోటీన్) పెరగలేదు. మళ్లీ ఆపరేషన్ తప్పదా?

జవాబు: పెట్ స్కాన్ గ్లూకోజును ఎక్కువగా వాడుకునే కణాలను చూపుతుంది కాబట్టి, మన దేశంలో తరచుగా కనిపించే క్షయ గ్రంథులూ, సార్కాయిడోసిస్ (గ్రంథులు వాచే, క్యాన్సర్ కాని ఒక జబ్బు) కూడా అందులో క్యాన్సర్‌లాగే వెలుగుతాయి. ముందు సూది పరీక్ష చేయించి, ఆ సూదిని కడిగిన ద్రవంలో థైరోగ్లోబులిన్ కొలవమని అడగండి. థైరోగ్లోబులిన్‌కు వ్యతిరేకంగా ఒంట్లో యాంటీబాడీలు ఉంటే రక్తంలోని అంకె తప్పుగా తక్కువ కనిపించవచ్చు, అదీ చూపించండి.

మరో జవాబు: నాకు సూది పరీక్షలో స్పష్టత రాక, ఒక గ్రంథిని తీసి బయాప్సీ చేశాకే కికుచి వ్యాధి (లింఫ్ గ్రంథులు వాచే, క్యాన్సర్ కాని జబ్బు) అని తేలింది. 1972లో జపాన్ వైద్యులు తొలిసారి వివరించిన ఈ జబ్బు సాధారణంగా కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. ఫలితం వచ్చేదాకా నాకు నిద్ర పట్టలేదు, మీ అక్కగారిని ఒంటరిగా వదలకండి.