దామెర్ల రామారావు సంఘం పెట్టకపోయి ఉంటే?

చూపరి:
చిత్రకారుడు దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టి, 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలులో చదువు ముగించుకుని ఊరికి తిరిగొచ్చాక ఆయనకు దక్కింది కొద్ది ఏళ్లే. ఆ కాస్త వ్యవధిలోనే ఆంధ్ర సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్ అనే సంఘం స్థాపించారు, చిత్రకళ నేర్పే బడి పెట్టారు. ఇదంతా మనం ఆయన ఘనతగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఎప్పుడూ ఒక బాధ. సంఘం నడపడమంటే చందాలు, ఉత్తరాలు, హాలు కోసం తిరగడం, అలిగినవాళ్లను బతిమాలడం. ఈ పనులు ఎవరైనా చేయగలరు. ఆయన బొమ్మ మాత్రం ఆయన తప్ప ఇంకొకరు వేయలేరు. సంఘం వల్ల తెలుగు చిత్రకళ లాభపడిందా, నష్టపోయిందా? నష్టపోయిందనే నేనంటాను. మీరేమంటారు?

కోటగుమ్మం:
చూపరి గారూ, రామారావు చిత్రకారుడు ఎలా అయ్యారో అక్కడి నుంచి మొదలుపెట్టండి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా బొమ్మలు వేసేవాడు. విద్యార్థులను వెంటబెట్టుకుని అజంతా చూపించాడు. ఈ కుర్రవాడి చేతిలో పనితనం చూసి బొంబాయి పంపించాడు. అడివి బాపిరాజు గారు కూడా ఆ దొర శిష్యుడే. చదువు చెప్పుకుంటూ జీతం తీసుకుని ఊరుకోవలసిన మనిషి, తన సమయం ఊళ్లో పిల్లల మీద పెట్టాడు. మీ లెక్కన అదీ వృథాయే కదా! 1919లో ఆయన ఇంగ్లండు వెళ్లిపోయాడు. ఆ స్థానం ఖాళీ అయింది. మర్నాడు ఇంకో రామారావు పుడితే చేయి పట్టుకునేది ఎవరు? ఆ ఆలోచనే సంఘమైందని నా నమ్మకం.

నీటిరంగు:
ఇంకో సంగతి. ఆ రోజుల్లో రాజమండ్రిలో ఒక మంచి నీటిరంగు చిత్రాన్ని డబ్బిచ్చి కొనేవారెవరు? ఇళ్లలో గోడల మీద రవివర్మ అచ్చుబొమ్మలు. కొనుగోలుదారులూ బహుమతులూ కలకత్తాలో, ఢిల్లీలో. రామారావు ఋష్యశృంగుడి కథ మీద వేసిన చిత్రానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో వైస్రాయ్ బహుమతి వచ్చింది. తూర్పు కనుమల్లో గోదావరిని చూపించే దృశ్యచిత్రాన్ని వైస్రాయ్ లార్డ్ రీడింగ్ కొన్నాడు. అంత పేరొచ్చిన మనిషి కలకత్తాలోనో బొంబాయిలోనో ఉండిపోవచ్చు. ఊళ్లో ఉంటానంటే మాత్రం చూసేవాళ్లను ముందు తయారుచేసుకోక తప్పదు. నాటకానికి ప్రేక్షకులు కావాలంటే అందరికీ అర్థమవుతుంది, బొమ్మకూ కావాలంటే ఎందుకో ఎవరికీ తట్టదు.

పైగా శైలి సంగతి ఉంది. బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ ఛటర్జీ బెంగాలు పద్ధతి నేర్పుతున్న కాలం అది. మంచు కమ్మినట్టు రంగును కడిగి కడిగి వేసే పద్ధతి. రామారావు దారి వేరు. గీత స్పష్టంగా ఉంటుంది, ఒంటి నిర్మాణం జె.జె. చదువులోంచి వచ్చింది, మనుషుల పొందిక అజంతా నుంచి. ఇలాంటి దారి ఒక్కడితో నిలవదు, నలుగురు నడవాలి.

చూపరి:
నలుగురూ నడిచారు సరే, ఎక్కడికి? శిష్యుల్లో చాలామంది గురువుగారి గీతనే మళ్లీ మళ్లీ గీశారు. అవే వంపులు, అవే అరమోడ్పు కళ్లు. గురువు ఇంకో ముప్ఫై ఏళ్లు బతికి ఉంటే తన శైలిని తానే మార్చుకునేవాడేమో. ఆయన పోగానే అది అక్కడే గడ్డకట్టింది. సంఘాల తత్వమే అంత, దొరికిన దాన్ని కాపాడతాయి, కొత్తదాన్ని పుట్టించవు. ఆయన వదిలివెళ్లిన వాటిలో తైలవర్ణ చిత్రాలు 34, నీటిరంగు చిత్రాలు 129 అని లెక్క చెప్తారు. పెద్ద తైలవర్ణాలకు తీరిక కావాలి. ఆ తీరిక ఎటు పోయింది?

నీటిరంగు:
తైలవర్ణం పెద్దదీ నీటిరంగు చిన్నదీ అని ఎవరు చెప్పారండీ? నీటిరంగులో చేయి జారితే దిద్దుకునే వీలు లేదు, తైలంలో తీరిగ్గా పైన ఇంకో పూత వేసుకోవచ్చు. ఆయన నీటిరంగును ఎంచుకున్నారు, అంతే. తీరిక లెక్క దానికి అంటగట్టకండి.

బొమ్మల కొలువు:
ఇంతసేపు చర్చ జరిగింది, ఇద్దరి పేర్లు ఎవరూ ఎత్తలేదు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ. ఇద్దరూ బొమ్మలు వేశారు. 1920ల్లో ఒక మధ్యతరగతి ఇంటి ఆడపిల్ల కుంచె పట్టడానికి బొంబాయి వెళ్లగలదా? ఊళ్లో, ఇంట్లో, అన్నగారి దగ్గర నేర్పే ఏర్పాటు ఉండబట్టే బుచ్చికృష్ణమ్మ గారు చిత్రకారిణి అయ్యారు. రామారావు తలుపు వేసుకుని బొమ్మలే వేసుకుని ఉంటే మనకు ఇంకో నలభై చిత్రాలు మిగిలేవేమో. ఆవిడ చిత్రాలు ఉండేవి కావు. "తెలుగు చిత్రకళకు నష్టం" అన్నప్పుడు ఏ చిత్రకళ లెక్కలోకి వస్తుందో చూపరి గారు చెప్పాలి.

కోటగుమ్మం:
ఇంకో పేరు కూడా. వరద వెంకటరత్నం. రామారావు స్నేహితుడు, చిత్రకారుడు. 1925 తర్వాత బడి ఆగిపోకుండా చూసింది, స్నేహితుడి బొమ్మలు చెల్లాచెదురు కాకుండా కాపాడింది ఆయనే. నీటిరంగు చిత్రమంటే కాగితం. ఎండ తగిలితే వెలిసిపోతుంది, తేమ తగిలితే మచ్చలు పడుతుంది, వారసులు పంచుకుంటే తలా ఒక పెట్టెలో పడుతుంది. ఇన్ని చిత్రాలు, పెన్సిల్ చిత్తులతో సహా, ఇవాళ రాజమండ్రిలో ఒక్కచోట చూడగలుగుతున్నామంటే దాని వెనక సంఘముంది. సంఘం లేని చిత్రకారులు ఆ కాలంలో ఇంకెంతమంది ఉన్నారో! వాళ్ల బొమ్మల్ని ఎక్కడ చూడగలం?

చూపరి:
వరద వెంకటరత్నం గారి మాట నా వాదనకే బలం. నిర్వహించగల మనిషి పక్కనే ఉన్నాడు, పని ముందే ఆయనకు అప్పజెప్పి ఉండాల్సింది.

నీటిరంగు:
సంఘం కుంచెను మింగేస్తుందన్నది రూలేమీ కాదు. మద్రాసు చూడండి. చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ 1966లో తన విద్యార్థులతో కలిసి చోళమండలం కళాగ్రామం పెట్టారు. మైనంతో అద్దకం వేసే బాతిక్ బట్టలూ చేతిపనులూ చేసి అమ్మి, ఆ డబ్బుతో ఇంజంబాక్కం దగ్గర సముద్రపు ఒడ్డున స్థలం కొనుక్కున్నారు. పొద్దున బతుకుతెరువు పని, తర్వాత సొంత బొమ్మ. పణిక్కర్‌కు అన్నిటికన్నా పేరు తెచ్చిన 'పదాలు, చిహ్నాలు' వరస చిత్రాలు ఈ హడావిడి నడుస్తున్న కాలంలోనివే. సంఘం డబ్బు చిక్కు తీర్చగలిగితే చిత్రకారుడికి సమయం మిగులుతుంది. రామారావు సంఘానికి ఆ దశ వచ్చే వ్యవధి దొరకలేదు.

చూపరి:
పణిక్కర్ అప్పటికి యాభై దాటినవారు, మద్రాసు ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్. జీతం, పరపతి, ఏళ్ల తరబడి తయారుచేసుకున్న శిష్యులు అన్నీ ఉన్నాయి. పాతికేళ్ల కుర్రవాడితో పోలిక ఎలా కుదురుతుంది? నేనంటున్నదీ అదే. సంఘం పెట్టాల్సిన వయసు వేరు.

బొమ్మల కొలువు:
"వయసు వేరు" అనగలుగుతున్నది 1925లో ఏం జరిగిందో మనకు తెలుసు కాబట్టి. ఆయనకు తెలియదు. ఇంకో నలభై ఏళ్లున్నాయనే అనుకుని ఉంటారు. ఇంకో మాట, వరద వెంకటరత్నం తన బొమ్మలు పక్కన పెట్టి నిర్వహణ చూసుకోవాల్సిందని ఎంత తేలిగ్గా అనేశారు! ఆయనా చిత్రకారుడే. ఎవరి సమయం విలువైనదో, ఎవరిది కాదో మీరు ముందే తేల్చేసుకున్నారు.

చూపరి:
తేల్చింది నేను కాదు. 1922 బహుమతి ఒక్కరికే వచ్చింది, ఎవరి చేయి ఎలాంటిదో ఊరికి అప్పటికే తెలుసు. బుచ్చికృష్ణమ్మ గారి విషయంలో మీ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. మిగతా వాటిలో నా మాట మారదు.